అంబర్‌లో చిక్కిన ఈగ చెప్పే పాఠం


పూలకుండీల తడిమట్టి మీద ఎగిరే చిన్న నల్ల ఈగలే ఫంగస్ న్యాట్స్. వీటి లార్వాలు బూజు తిని పెరుగుతాయి. వీటి పూర్వీకులు కొన్ని చెట్ల బంకలో చిక్కుకున్నాయి. ఆ బంక గట్టిపడి అంబర్‌గా మారడంతో కోట్ల ఏళ్లయినా చెక్కుచెదరలేదు.

వాటిని ఎలా వర్గీకరిస్తారు? రెక్కల ఈనెలు, మీసాల కణుపులు, కాళ్ల ముళ్లు పోల్చి చూస్తారు. మిర్యాలగూడ మిల్లులో గింజ పొడవు, రంగు చూసి వడ్ల రకం చెప్పినట్టే!

గుజరాత్ లిగ్నైట్ గనుల్లో దొరికిన అంబర్ దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటిది. అది గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన చెట్ల బంక. భారత భూభాగం చాలాకాలం ఒంటరి ద్వీపంగా ఉంది కాబట్టి ఇక్కడి కీటకాలు వేరుగా ఉంటాయని అనుకునేవారు. కానీ వర్గీకరించి చూస్తే, వాటి బంధువులు యూరప్ అంబర్‌లోనూ ఉన్నాయని 2010లో తేలింది.

ఇంట్లో చేయించండి: మీ పాపకో బాబుకో భూతద్దం ఇచ్చి, రెండు పురుగుల మధ్య 3 పోలికలు, 3 తేడాలు రాయించండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. "ఎలా చెప్పగలిగావు?" అని మాత్రం తప్పక అడగండి. పేరు బట్టీపట్టిన పిల్లలు అక్కడే ఆగిపోతారు. తేడా పట్టగలిగినవారు ఎన్నడూ చూడని పురుగునూ పోల్చుకోగలరు.