మోటారుకారు యంత్రమును చల్లబరచు విధము

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు బాట సుమారు 30 కిలోమీటర్లు. ఒక వేసవి మధ్యాహ్నమున ఆ కొద్ది దూరమును పోలేక మా పాత కారు నడిబాటలో నిలిచిపోయెను. వేడిమిని దెలుపు ముల్లు ఎఱ్ఱగీతను దాటెను. ముందరి మూత సందుల నుండి ఆవిరి వెడలజొచ్చెను. మేము చేత గుడ్డ బట్టుకొని రేడియేటరు మూతను త్రిప్పబోవుచుండగా, పత్తిలారీ నడుపు డ్రైవరొకడు పరుగున వచ్చి, "సారూ, చెయ్యి తీయండి! మొగం కాలిపోతాది!" అని వారించెను. నీరు మరగుటను గూర్చి ఏటేట పాఠము చెప్పు మేము ఆ పాఠమును కారునకు అన్వయించుకొనలేకపోతిమి. ఆ సిగ్గు నుండి పుట్టినదే ఈ వ్యాసము.

విద్యార్థులారా! మొదట ఈ వేడిమి యెక్కడిదో విచారింతము. సిలిండరులో పెట్రోలు మండునపుడు ఆ వాయువుల వేడిమి 2000 డిగ్రీల సెంటిగ్రేడును మించును. పిస్టనులను జేయు అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. పెట్రోలు నుండి పుట్టిన వేడిమిలో ఇంచుమించు మూడవ పాలు మాత్రమే బండిని నడుపును. మఱియొక పాలు పొగగొట్టము గుండ పోవును. తక్కిన దానిలో పెద్దభాగమును యంత్రము చుట్టును తిరుగు ద్రవము మోసికొనిపోవలెను. అది తన పని మానిన కొన్ని నిమిషములకే లోహము వంగును, పిస్టనులు పట్టుకొనును.

ఈ ద్రవమును పంపు త్రిప్పుచుండును. యంత్రము చల్లగా నున్నపుడు థర్మోస్టాటు అను చిన్న తలుపు మూసికొనియుండి, ద్రవము రేడియేటరునకు పోకుండ ఆపును. పెక్కు కార్లలో 82 మొదలు 90 డిగ్రీల లోపల అది తెఱచుకొనును. అంతట వేడి ద్రవము రేడియేటరు సన్నగొట్టములలో ప్రవహించి, గాలికి తన వేడిమి నిచ్చి, మరల యంత్రమును జేరును. 1908లో వెలువడిన ఫోర్డు 'టి' కార్లలో, మొదటి రెండువేల చిల్లర బండ్లు తప్ప, తక్కిన వానికి పంపే లేదు. వేడినీరు తేలికయై పైకెక్కును, చల్లనీరు బరువై దిగును. ఆ ప్రకృతిధర్మముతోనే అవి నడచినవి.

ఇక రేడియేటరు మూత సంగతి. మీ యింటి కుక్కరును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఆవిరి పోకుండ మూసినందున ఒత్తిడి హెచ్చి, అందలి నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 120 డిగ్రీలకు మరగును. రేడియేటరు మూతయు ద్రవమును ఇట్లే ఒత్తిడిలో నుంచును. వేడిగా నున్నపుడు దానిని తెఱచితిమా, ఒత్తిడి ఒక్కుమ్మడి తగ్గి, 100 డిగ్రీలు దాటిన నీరు ఆ క్షణముననే ఆవిరియై ముఖము మీదికి చిమ్మును. ఆ డ్రైవరు మమ్ము తప్పించినది దీనినుండియే.

మా కారు ఏల వేడెక్కెను? మూడేండ్లు మేము దానిలో బోరుబావి నీరు పోసితిమి. మన సీమలో నీళ్లు కాచు కాగుల యడుగున తెల్లని పొర కట్టుట మీరెఱుగుదురు. కఠినజలమును కాచినపుడు అందు కరగియున్న కాల్షియము బైకార్బొనేటు మారి, కరగని కాల్షియము కార్బొనేటుగా అంటుకొనును. ఆ పొర వేడిమిని సరిగా పోనీయదు, సన్నగొట్టములను మూసివేయును. మెకానిక్కు మా రేడియేటరును విప్పి చూపగా సగము గొట్టములు సున్నముతోను త్రుప్పుతోను పూడియుండెను. గాస్కెట్టు కూడ మాడెను. ఆదా చేసితిమనుకొన్నదానికి పదింతలు చెల్లించితిమి.

కూలెంటు అనునది ఇథిలీన్ గ్లైకాలు, త్రుప్పును నివారించు రసాయనములు, స్వేదనజలము కలిసిన ద్రవము. గ్లైకాలును 1856లో ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్జు మొదట తయారుచేసెను. గ్లైకాలును నీటిని సమపాళ్లలో కలిపిన ద్రవము సుమారు -37 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. మనకు మంచు భయము లేదు. కాని ఒత్తిడి లేకయే అది 107 డిగ్రీల వఱకు మరగదు, త్రుప్పు పట్టనీయదు. ఈ రెండు గుణములును మన యెండలకు ముఖ్యములు. అట్లని గ్లైకాలునే పోయరాదు; వేడిమిని మోయు శక్తి నీటికే అధికము.

దీని నెపుడు మార్చవలెను? గ్లైకాలు త్వరగా చెడదు. త్రుప్పును నివారించు రసాయనములు ఖర్చగును, ద్రవము క్రమముగా ఆమ్లమగును. పాత రకములను సాధారణముగ రెండేండ్లకు, సేంద్రియామ్లములు గల క్రొత్త రకములను ఐదేండ్లకు మార్చుదురు. కారుతో నిచ్చిన పుస్తకమున నున్న గడువే ప్రమాణము. గడువునకు ముందే ద్రవము ఇటుకరంగునకు తిరిగినను, మడ్డి తేలినను, నూనెజిడ్డు కనబడినను వెంటనే చూపింపవలెను. సాంద్రతను కొలుచు గొట్టము గ్లైకాలు పాలును మాత్రమే చెప్పును; రసాయనము మిగిలినదో లేదో చెప్పజాలదు. రంగును జూచి రకమును నిర్ణయింపరాదు. వేర్వేరు రకములను కలుపరాదు.

వారమున కొకమారు, యంత్రము చల్లగా నున్నపుడు, తొట్టిలో ద్రవము రెండు గీతల నడుమ నున్నదేమో చూడుడు. మాటిమాటికి తగ్గుచున్నచో ఎక్కడనో కారుచున్నదని యర్థము. రబ్బరు గొట్టములను నొక్కి చూడుడు. పగిలినవి, మెత్తబడినవి మార్పింపుడు. ఆదోని జిన్నింగు మిల్లుల వీథులలో తిరుగు బండ్లకు రేడియేటరు రేకుల సందున దూదిపింజలు, దుమ్ము పట్టును. మెల్లని నీటిధారతో లోపలి వైపు నుండి వెలుపలికి కడుగవలెను.

దారిలో ముల్లు పైకెక్కినచో, ఏసీని ఆపి, బండిని ప్రక్కకు దీసి, యంత్రమును ఆపి, అరగంటకు తక్కువ గాకుండ, పూర్తిగా చల్లారువఱకు వేచియుండుడు. కాలుచున్న యంత్రముపై చన్నీళ్లు పోసిన లోహము పగులును. తీసివేసిన కూలెంటును కాలువలోగాని చేనిలోగాని పారబోయకుడు. అది తియ్యగా నుండును, కాని విషము. కుక్కలు, మేకలు, పసిపిల్లలు త్రాగిన ప్రాణాపాయము. డబ్బాలో పోసి మూతవేసి, పిల్లల కందకుండ నుంచి, మెకానిక్కున కప్పగింపుడు.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష: రెండు గిన్నెలలో సమానముగా బోరునీరు, స్వేదనజలము పోసి, పెద్దల యెదుట, ఆవిరి యగువఱకు కాచి, చల్లారిన పిదప అడుగులను తడవి చూడుడు. మూడేండ్లకు గాని మాకు తెలియని సంగతి మీకు ఒక్క పూటలో తెలియును.