స్వల్పసాధనములతో చిన్న రైలుమార్గము

రైలుబండిని చూచి సంతసింపని బాలుడుగాని బాలికగాని యుండరు. దానిని చిన్నదిగా చేసి యింట నడుపవలెనను కోరిక యనేకులకు గలదు. అయినను అంగళ్లలో నమ్మెడు చిన్న రైళ్లు మిక్కిలి వెలగలవి. మన చిన్న పట్టణములలో దొరకుటయు నరుదు. అందుచేత ఈ విద్య ధనవంతులకే తగినదని పలువురు మానుకొందురు. అది సరికాదని మా యభిప్రాయము. ఈ విద్యకు మొదటి సాధనము ధనము గాదు, కొలత.

ఇంగ్లండులో హార్న్‌బీ డబ్లో యను చిన్న రైళ్లు 1938లో వెలువడెను గాని, రెండవ ప్రపంచయుద్ధ కాలమున వాని తయారీ నిలిచిపోయెను. ఆ తరమువాడే యగు జాన్ ఆహర్న్ మాడర్ వ్యాలీ యను చిన్న రైలుమార్గమును నిర్మించి, దాని ప్రక్కనుండు ఇండ్లను అట్టతో కట్టెను. అది నేటికిని ఆ దేశమున పెండన్ మ్యూజియమునందు భద్రముగా నున్నది. అట్ట అల్పవస్తువు గాదని దీనివలన తెలియుచున్నది.

విద్యార్థులారా, మొదట ప్రమాణమును నిర్ణయించుకొనుడు. మేము 1:100 ప్రమాణమును సూచించుచున్నాము. ఇందు మీటరు సెంటీమీటరగును గనుక లెక్క సులభము. మన బ్రాడ్‌గేజి మార్గమున పట్టాల లోపలి యంచుల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. నూటితో భాగింపగా 16.76 వచ్చును. అంగళ్లలో దొరకు చిన్న పట్టాలలో మిక్కిలి వాడుకలోనున్న వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఈ భేదము కంటికి కానరాదు. కావున మీరును 16.5 నే గ్రహించినచో, నేడు చేసిన పెట్టె రేపు కొన్న పట్టాలమీదను నిలుచును.

పాత పలకపై గీత గీచి, తల త్రుంచిన అగ్గిపుల్లలను 27.5 మిల్లీమీటర్ల పొడవున కోసి, ఆరేసి మిల్లీమీటర్ల యెడమున తుమ్మబంకతో నంటింపవలెను. ఇవి స్లీపర్లు. బుట్టలల్లు మేదరివారియొద్ద దొరకు వెదురుబద్దను రెండు మిల్లీమీటర్ల మందమున చీల్చి, ఉప్పుకాగితముతో నునుపు చేసిన పట్టాలగును. వెదురు వంగును గనుక వంపులకును పనికివచ్చును. 16.5 మిల్లీమీటర్ల అట్టముక్కను పట్టాల నడుమ ఈ చివరనుండి ఆ చివరకు జరుపుచు, బంక ఆరకముందే బిగువును వదులును సరిచేయవలెను. జల్లించిన ఇసుక కంకరకు బదులగును.

పిమ్మట పెట్టె. పెరంబూరు కర్మాగారము 1955లో ప్రారంభమయ్యెను. అచ్చటి పాతతరహా పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, వెడల్పు 3.25 మీటర్లు, మనకు 213, 32.5 మిల్లీమీటర్లు. అట్ట బల్లపరుపుగా నున్నప్పుడే కిటికీలు కోసి, తరువాత మడువవలెను. చక్రము 9 మిల్లీమీటర్ల బిళ్ల. దాని లోపలి వైపున 11 మిల్లీమీటర్ల బిళ్ల నంటించిన, ఆ యంచు చక్రమును పట్టా దాటనీయదు.

మనము వాడుకలో పెట్టెనే బోగీ యందుము. నిజమునకు పెట్టె క్రింద తిరుగు నాలుగు చక్రముల చట్రమే బోగీ. రెండు బోగీల నడిబిందువుల నడుమ 148 మిల్లీమీటర్లు, ఒక్కొక్క బోగీలో ఇరుసుల నడుమ 29 మిల్లీమీటర్లు నుంచుడు. బోగీని గుండుసూదితో వదులుగా గ్రుచ్చి వంపుపై నడుపుడు. పిమ్మట కదలకుండ నంటించి నడుపుడు. రెండవసారి బండి పట్టా తప్పును. పొడవైన పెట్టె వంపు తిరుగు రహస్యమును ఏ పుస్తకముకంటెను ఈ పరీక్ష స్పష్టముగా బోధించును.

స్టేషను కొలతలకై ప్లాట్‌ఫారముపై అడుగులు లెక్కింపవచ్చును గాని, పట్టాలమీదికి ఎన్నడును దిగరాదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లవాడు ఖాళీ అట్టపెట్టె నడిగినప్పుడు అది చెత్తయని పారవేయకుడు. దానితోకూడ ఒక కొలబద్ద నిండు. దేవుడు చేతులకిచ్చిన నేర్పు బీదయింటను పుట్టును. వాడకున్న నది మొద్దువారును.