వేడినీళ్ల బకెట్

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లోనే బోట్లను గట్టెక్కించి, అడుగున పట్టిన నాచు గీకి, పాడైన చెక్కలు మార్చి, రంగులు వేసుకుంటారు. 2024లో అలా గట్టెక్కిన ఒక చెక్క బోటు చుట్టూ నేను టేపూ, గ్రాఫ్ పుస్తకమూ, తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండూ పట్టుకుని తిరుగుతున్నాను. నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు.

"ఏటి బాబూ, ఇన్సూరెన్సోళ్లా?"

"కాదు తాతా. ఈ బోటు బొమ్మ చేద్దామని."

"బొమ్మా? పిల్లలకా?"

"నాకే."

ఆయన మరేం అడగలేదు. వల వైపు తిరిగి తనలో తను నవ్వుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో కొత్తపని మొదలుపెట్టిన వాడికి ఆ నవ్వు ఎలాగూ తప్పదు. దాన్ని మొదటి రోజే మింగేస్తే మంచిది, తర్వాత పని సాగుతుంది.

నాకీ పిచ్చి పట్టడానికి కారణం అంతకు ముందటి నవంబరు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బర్‌లో నిప్పంటుకుని నలభై దాకా బోట్లు దెబ్బతిన్నాయి. టీవీలో ఆ మంటలు చూస్తూ, ఎందుకో తెలీదు, చేతిలో ఉన్న కాగితం మీద ఒక బోటు గీయబోయాను. గీసింది చూస్తే మా అమ్మాయి యూకేజీలో గీసిన బొమ్మే నయం. అరచందమామ, దాని మీద ఒక పెట్టె, పెట్టె మీద జెండా. పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. ఆదివారం పొద్దున్నే చేపలకు వెళ్లి ఆ బోట్ల పక్కనే నిలబడి బేరాలాడాను. అయినా కేబిన్ ముందుంటుందా వెనక ఉంటుందా, ముక్కు ఎంత ఎత్తు లేస్తుంది, ఒక్కటీ చెప్పలేకపోయాను. మీరూ ఒకసారి ప్రయత్నించండి. రోజూ ఎక్కే స్కూటరునో, మీ అమ్మగారి కుట్టుమిషన్నో చూడకుండా గీయండి. ఎంత తెలుసో పది నిమిషాల్లో తేలిపోతుంది.

నమూనా పడవలు చేయడానికి రెండు దార్లున్నాయి. ఒకటి కిట్ కొనుక్కోవడం. ముక్కలు కోసి, నంబర్లు వేసి, పెట్టెలో పెట్టి ఇస్తారు. రెండోది స్క్రాచ్ బిల్డింగ్. స్క్రాచ్ అంటే పందెంలో పరుగు మొదలయ్యే చోట నేల మీద గీసే గీత. కొలతలు మనమే తీసుకోవాలి, నక్షా మనమే గీసుకోవాలి, చెక్క మనమే కోసుకోవాలి. విశాఖ మరబోటుకు కిట్ నాకెక్కడా దొరకలేదు. ఆ రకంగా గీత దగ్గర నిలబడ్డాను తప్ప ఇందులో నా ధైర్యం ఏమీ లేదు.

వంపు తిరిగిన బోటును కొలవడం ఎలాగో చెబితే గానీ ఆ గుండు సంగతి అర్థం కాదు. బోటు పైఅంచుకు ఒక కర్ర అడ్డంగా కట్టి, దాని కొసన గుండు వేలాడదీయాలి. దారం నిటారుగా దిగుతుంది. ఇక అడుగడుగు ఎత్తులోనూ ఆ దారం నుంచి బోటు ఒంటికి ఎంత దూరమో స్కేలు పెట్టి చూసుకుని రాసుకోవాలి. పైన దారానికి దగ్గరగా ఉన్న చెక్క కిందకు దిగేకొద్దీ లోపలికి ఒదిగిపోతుంది. మూడడుగులు జరిగి మళ్లీ అదే పని. మొత్తం 43 అడుగుల బోటుకు నాకు మూడు ఆదివారాలు పట్టింది. అడుగుకు అర అంగుళం లెక్కన, అంటే 24వ వంతు చేస్తే, నా బోటు ఇరవై ఒకటిన్నర అంగుళాలు. కేబిన్ సంగతి కూడా ఆ మూడు ఆదివారాల్లోనే తేలింది. వల వెనక నుంచి లాగుతారు కాబట్టి వెనక డెక్ ఖాళీగా ఉండాలి. అందుకే కేబిన్ ముందుకు జరిగింది. కారణం తెలిశాక ఇక మరచిపోలేం.

చెక్క గురించి ఒక్క మాట. నమూనాలు చేసేవాళ్లంతా బాల్సా అంటారు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు కర్ర మన దగ్గర ఉండగా దానికోసం దేవులాడటం నాకు నచ్చలేదు. చిన్న చిన్న దిమ్మలకు, గిలకలకు అంకుడు ముక్క చక్కగా ఒదుగుతుంది. పక్క బద్దలకు మాత్రం మా వీధి వడ్రంగి దగ్గర టేకు ముక్కలు అడుక్కుని, రెండు మిల్లీమీటర్ల మందాన చీల్పించుకున్నాను. తక్కిన సరంజామా అంతా ఇంట్లోదే. ఉప్పుకాగితం, ఫెవికాల్, బట్టల క్లిప్పులు. క్లిప్పుల విషయంలో మా ఆవిడతో వచ్చిన పేచీ ఇక్కడ అనవసరం.

అసలు విషయం జులైలో జరిగింది.

అడుగు దూలం నిలబెట్టి, దానికి పక్కటెముకల్లా చెక్కముక్కలు అమర్చి, బద్దలు వేడినీళ్లలో నానబెట్టి వంచి అంటించడం మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి రాగానే రోజూ కొంత పని. కుడివైపు నునుపుగా, అందంగా కుదురుతోంది. ఆ అందం చూసుకుని మురిసిపోయి, ఎడమవైపు తర్వాత చూద్దామని కుడివైపు మొత్తం పూర్తి చేసేశాను. ఆరువారాల పని. ఒక రాత్రి దాన్ని బల్ల మీద పెట్టి, ఒక కన్ను మూసి, ముక్కు వైపు నుంచి చూశాను. దూలం తిన్నగా లేదు. బోటు మొత్తం దోసకాయలా కుడివైపుకు వంగిపోయింది.

మొదట కన్ను తుడుచుకున్నాను. తర్వాత స్కేలు పెట్టి చూసి స్కేలే వంకరనుకున్నాను. మర్నాడు ఎడమవైపు బద్దలు గట్టిగా లాగి అంటిస్తే అదే సర్దుకుంటుందని నాకు నేనే చెప్పుకుని నాలుగు బద్దలు వేశాను. సర్దుకోలేదు. ఫొటో తీసుకుని హార్బర్‌కు వెళ్లి తాతకు చూపించాను. ఆయన ఫోను దూరంగా పెట్టుకుని ఒక్క క్షణం చూశాడు.

"ఒక్కపక్కే ఎక్కించేసినావా బాబూ?"

"అవును తాతా."

"ఇటొక బద్ద, అటొక బద్ద ఎక్కించాల. ఒక్కపక్కే ఎక్కిస్తే బోటు అలిగి అటు తిరిగిపోతాది. పెద్ద బోటైనా అంతే. ఇప్పీ."

ఇప్పీ. అంటే విప్పెయ్. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో నాకు అంత బరువుగా తగిలింది. ఇంటికి వచ్చి మూడు రోజులు ఆ బోటును ముట్టుకోలేదు. నాలుగో రోజు బకెట్లో వేడినీళ్లు పోసి అందులో ముంచాను. ఫెవికాల్ వేడినీళ్లకు తెల్లగా ఉబ్బి, జిగురు పట్టు వదిలేస్తుంది. అరగంటకు బద్దలు ఒక్కొక్కటీ వేళ్లకే ఊడి వచ్చాయి. ఆశ్చర్యం ఏమిటంటే, ముప్ఫై నాలుగు బద్దల్లో విరిగినవి ఐదే. తక్కినవి వంపుతో సహా పదిలంగా ఉన్నాయి. ఆరువారాలు పోయాయనుకున్నాను గానీ, పోయింది జిగురూ ఐదు బద్దలూ. వంచడం నేర్చిన చేయి నాతోనే ఉంది. రెండోసారి రెండు పక్కలా కలిపి నాలుగు వారాల్లో అయిపోయింది.

మనకు చిన్నప్పటి నుంచి పట్టుదలే నూరిపోశారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఏది తెరిచినా వదలకు, ఆగకు, వెనక్కి చూడకు అనే ఉంటుంది. ఊడదీయడం గురించి ఎవరూ చెప్పరు. పట్టుదలా, మూడు కాళ్ల కుందేలూ పక్కపక్క ఇళ్లలోనే కాపురం ఉంటాయని నా అనుభవం. ఇన్నాళ్లు పెట్టాను కదా అన్న ఒక్క ముక్క చాలు, వంకర బోటును తిన్నగా ఉందని నమ్మించడానికి. ఆ ముక్కతోనే ఇష్టంలేని కోర్సును చివరిదాకా చదివినవాళ్లను, కుదరని వ్యాపారంలో మరో రెండు లక్షలు పోసినవాళ్లను నేనెరుగుదును. ఎడమవైపు నాలుగు బద్దలు లాగి అంటించింది నేనే కాబట్టి వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

బోటు విప్పిన వారమే ఆఫీసులో ఒక పని చేశాను. ఆరేళ్ల కిందట నేనే తయారుచేసిన నెలవారీ నివేదిక నమూనా ఒకటుంది. పద్నాలుగు గడులు. అది నా పుత్రరత్నం, ఎవరూ మార్చకూడదు. దాన్ని పూర్తిచేసే అమ్మాయిని పిలిచి, "ఇందులో ఏవి తీసేయొచ్చమ్మా?" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాలుగు, ఏడు, పదకొండు సార్. పదకొండులో రాసేది మూడులో ఉన్నదే." ఎన్నాళ్ల నుంచి తెలుసు అని అడిగితే, చేరిన మొదటి నెల నుంచి అంది. బోటు వంకర తాతకు ఒక్క క్షణంలో కనబడినట్టే. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

తర్వాత ఒకరోజు తాత వాళ్ల నాన్న సంగతి చెప్పాడు. ఆయన తెప్ప మీద వేటకు వెళ్లేవాడట. దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి కట్టిందే తెప్ప. ఇంగ్లీషులో కాటమరాన్ అనే మాట పుట్టింది తమిళ కట్టుమరం నుంచే. దుంగలు నీళ్లు తాగి బరువెక్కుతాయి కాబట్టి ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, ఇసుకలో ఆరబెట్టి, వేటకు వెళ్లే ముందు మళ్లీ కట్టుకునేవారు. ఈ తీరంలోనే మాసులా పడవలని ఉండేవి. వాటి పలకలకు మేకులుండవు, కొబ్బరితాడుతో కుట్టేవారు. గట్టిగా బిగించిన పడవ ఒడ్డున కెరటం దెబ్బకు పగులుతుంది. కుట్టినది ఒళ్లు వంచి తప్పించుకుంటుంది. తాళ్లు పాతబడితే విప్పి మళ్లీ కుట్టడమే.

"మా అయ్య రోజూ ఇప్పీవోడు, రోజూ కట్టీవోడు," అన్నాడు తాత.

"విసుగొచ్చేది కాదా?"

"రోజూ తిండి తింటే ఇసుగొస్తాదేటి?"

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్నడిగితే మొదట తెప్పే చేయమంటాను. నాలుగు దుంగలు, ఒక తాడు, జిగురు అక్కర్లేదు. తప్పుగా కడితే విప్పి కట్టుకోవచ్చు. నేను మరబోటుతో మొదలుపెట్టడం వట్టి గొప్పకే.

మొన్న సంక్రాంతి సెలవుల్లో బోటును నీళ్ల తొట్టిలో దించాం. రెండు పూతల వార్నిష్, నీలం రంగు కేబిన్, మా అమ్మాయి రాసిన పేరు. వదిలీవదలగానే కొబ్బరిచిప్పలా అటూ ఇటూ ఊగి పక్కకు ఒరిగిపోయింది. పొడవు 24 రెట్లు తగ్గితే బరువు 13,824 రెట్లు తగ్గుతుందన్న లెక్క పదో తరగతిలోనే చెప్పారు, అప్పుడు మార్కులకు పనికొచ్చింది. బరువు కావాలని తాత దగ్గరికి వెళితే వలకు కట్టే సీసం గుళ్లు గుప్పెడు ఇచ్చాడు. చేపల గది మూత తీసి ఒక్కొక్కటీ లోపలికి జారవిడిచాను. పదకొండో గుండుకు బోటు నిలబడింది.

అందరం చప్పట్లు కొట్టాం. మా అమ్మాయి తొట్టి అంచుకు గడ్డం ఆనించి చూసి, "నాన్నా, ముక్కు కొంచెం పైకి లేచింది కదా?" అంది. లేచింది. సీసం ముందుకు జరగాలి. ముందు భాగంలోకి చేయి వెళ్లే దారి లేదు, డెక్ అంటించేశాను.

వంటింట్లోకి వెళ్లి నీళ్లు పొయ్యి మీద పెట్టాను.