తాళం లేని ఆటపెట్టె

పండరీ, రాయ్‌పూర్



ఫ్యామికామ్ జపాన్‌లోని నింటెండో సంస్థ 1983 జులై 15న 14,800 యెన్లకు విడుదల చేసిన ఇంటి వీడియో గేమ్ యంత్రం. దీన్ని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. టీవీకి తగిలించి ఆడే యంత్రాలు అంతకుముందే ఉన్నాయి. 1972లో రాల్ఫ్ బేర్ ఆలోచనతో మాగ్నవాక్స్ ఒడిస్సీ వచ్చింది, 1977లో అటారి 2600 వచ్చింది. 1983లో నాసిరకం ఆటలు వెల్లువెత్తి అమెరికా మార్కెట్ కుప్పకూలింది. నింటెండో తన యంత్రానికి కొత్త పెట్టె తొడిగి, ఎన్.ఇ.ఎస్. అని పేరు మార్చి 1985లో న్యూయార్క్‌లో అమ్మకానికి పెట్టింది. ఈ రెండు రూపాలూ కలిపి ప్రపంచమంతటా దాదాపు 6.19 కోట్లు అమ్ముడయ్యాయి.

లోపలి సరంజామా చాలా తక్కువ. రికో సంస్థ చేసిన ప్రాసెసర్ 6502 అనే చవక చిప్పుకు దగ్గరి చుట్టం. దాని వేగం సెకనుకు సుమారు 17.9 లక్షల స్పందనలు. లెక్కలకు 2 కిలోబైట్లు, బొమ్మల అమరికకు మరో 2 కిలోబైట్ల జ్ఞాపకం ఉండేది. తెరను గీసే పని వేరే చిప్పుది. అది 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న చదరపు ముక్కలను పేర్చి దృశ్యం కడుతుంది. మనుషులు, తుపాకీ గుళ్ల వంటి కదిలే ముక్కలు తెర మీద 64కు, ఒక్కో అడ్డ గీతలో 8కి మించకూడదు. మించితే కొన్ని మాయమవుతాయి. అందుకే ఆటలు వాటిని వంతులవారీగా చూపేవి. శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనడానికి కారణం ఇదే.

ఈ ఇరుకే ఆటలు రాసేవారికి పొదుపు నేర్పింది. 1985 సెప్టెంబరులో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అందులో మేఘం, పొద ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. డక్ హంట్ అనే బాతుల వేట ఆటలో వాడే తుపాకీలోంచి ఏ కిరణమూ బయటికి రాదు. అది టీవీ వెలుగును చూసే కన్ను. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లని చదరం వెలుగుతుంది. ఆ తెలుపు తుపాకీ కంటబడితే బాతు నేలరాలుతుంది. చిత్రం కొంచెం ఆలస్యంగా కనబడే నేటి పలచటి టీవీల ముందు ఆ తుపాకీ పనిచేయకపోవడానికి కారణం ఈ లెక్కే.

ఈ యంత్రానికి సొంత తెర లేదు కనుక టీవీ చేరిన చోటికే అదీ చేరగలిగింది. అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉన్న మా రాయ్‌పూర్ ప్రాంతపు పల్లెలకు టీవీ 1975లో ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంతో వచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు చేరిన ఆ ప్రయోగంలో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల తెలుగు పల్లెలూ ఉన్నాయి. 1982లో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. అయితే దిగుమతి సుంకాలు భారీగా ఉన్న ఆ కాలంలో జపాన్ సరుకు సామాన్యుడికి అందేది కాదు. నింటెండో యంత్రం మన దేశంలో ‘సమురాయ్’ పేరుతో వచ్చింది. ఇళ్లలో ఎక్కువగా కనిపించినవి మాత్రం ‘లిటిల్ మాస్టర్’ వంటి నకళ్లు.

నకళ్లు అంతగా పుట్టడానికి సాంకేతిక కారణాలున్నాయి. అమెరికా రూపంలో ఆట క్యాసెట్టు అసలుదో కాదో తేల్చే తాళం చిప్పు ఉండేది. జపాన్ ఫ్యామికామ్‌లో అది లేదు, దాని 60 పిన్నుల గాడిలో ఎవరు చేసిన క్యాసెట్టయినా ఆడుతుంది. తైవాన్‌లోని యు.ఎం.సి. సంస్థ యంత్రం లోపలి చిప్పులకు నకళ్లు చేసింది. జపాన్ టీవీ సెకనుకు 60 సార్లు తెర గీస్తే మన టీవీ 50 సార్లు గీసేది. అందువల్ల ఆట కాస్త నెమ్మదించినా చెడిపోకుండా ఆ సంస్థ చిప్పుల కాలాన్ని సర్దింది. తర్వాత యంత్రమంతా నల్లటి జిగురు ముద్ద కింద ఒకే చిప్పులో ఇమిడి, ధర మరింత దిగింది. రష్యాలో ‘డెండీ’ పుట్టినదీ ఈ కుదుట్లోనే.

క్యాసెట్టు మీద వేలకొద్దీ ఆటలని రాసి ఉన్నా లోపల ఉండేవి కొన్నే. అదే ఆట వేరే పేరుతో, వేరే అంచె నుంచి మొదలై మరో ఆటగా లెక్కలోకి వచ్చేది. నామ్కో చేసిన బ్యాటిల్ సిటీని మార్చి ‘ట్యాంక్ 1990’ అన్నారు. అసలు కర్తలకు పైసా దక్కని వ్యాపారమిది. మారియో, కాంట్రా మన పిల్లలకు పరిచయమైంది మాత్రం ఎక్కువగా ఈ దారిలోనే.

ఫ్యామికామ్ తయారీ 2003లో ఆగింది. గున్పే యొకోయి 1982లో ఒక చేతి ఆటకు అమర్చిన నాలుగు దిక్కుల మీట, ఫ్యామికామ్ ద్వారా ప్రపంచమంతా వ్యాపించి నేటి ఆటయంత్రాల్లోనూ ఉంది. 1986లో జెల్డా అనే ఆటలో ఉన్న, ఆట మధ్యలో ఆపి తర్వాత కొనసాగించే ఏర్పాటు తర్వాత చాలా ఆటలకు మామూలైంది. 2016లో నింటెండోయే 30 ఆటలతో ఫ్యామికామ్ చిన్న రూపాన్ని అమ్మింది. కంప్యూటరు లోపలి పని నేర్చుకునేవారు నేటికీ ఈ యంత్రానికి కొత్త ఆటలు రాస్తున్నారు. మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒక మనిషి పూర్తిగా అర్థం చేసుకోగలిగినంత చిన్నది కావడమే అందుకు కారణం.

ఇట్లు,
తాతయ్య