దత్తమండలములు - రాయలసీమ

దేశపటమున జిల్లాల సరిహద్దులను చూచినపుడు, అవి కొండలవలె, నదులవలె అనాదిగా ఉన్నవేమో అనిపించును. కాని కొండలను ప్రకృతి నిర్మించినది. జిల్లాలను పాలకులు నిర్మించిరి. పాలకులు మాఱినప్పుడెల్ల ఆ గీతలును మాఱుచు వచ్చెను. రాయలసీమ చరిత్రయే ఇందుకు నిదర్శనము.

విజయనగర రాయల యేలుబడిలో నుండిన ఈ సీమ పలువురి చేతులు మాఱి, పదునెనిమిదవ శతాబ్ది చివరకు నిజాము వశమయ్యెను. నిజాము తన రాజ్యమున ఆంగ్ల సైన్యమును నిలుపుకొనుటకు అంగీకరించి, ఆ వ్యయమునకు బదులుగా 1800వ సంవత్సరమున ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించెను. అందుచే దీనికి ‘దత్తమండలములు’ అను పేరు వచ్చినది. దత్తమనగా ఇయ్యబడినది, మండలమనగా నాటి వాడుకలో జిల్లా. ఇచ్చినది నిజాము, పుచ్చుకొన్నది కంపెనీ. ఆ నేలను దున్నుకొని బ్రతుకు రైతును అడిగినవారు లేరు.

కంపెనీవారు థామస్ మన్రోను ప్రధాన కలెక్టరుగా నియమించిరి. ఆయన పాళెగాండ్రను అణచి, పొలములను కొలిపించి, రైతువద్దనే నేరుగా శిస్తు తీసికొను పద్ధతిని నెలకొల్పెను. 1807లో ఆయన వెడలిపోయిన పిమ్మట, 1808లో ఆ విశాల ప్రాంతమును బళ్లారి, కడప అను రెండు జిల్లాలుగా విభజించిరి. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబు పాలనలోనే ఉండెను. ఆ సంవత్సరమున కంపెనీవారు నవాబును తొలగించిరి. 1858లో చుట్టుపట్ల తాలూకాలు కొన్ని చేరగా కర్నూలు జిల్లా ఏర్పడెను. 1882లో బళ్లారినుండి అనంతపురము వేఱుపడెను. 1911లో ఉత్తర ఆర్కాటునుండి కొన్ని తాలూకాలను, కడపనుండి మదనపల్లె ప్రాంతమును తీసి చిత్తూరు జిల్లాను ఏర్పఱచిరి.

ఇట్లు జిల్లాలు పెరిగినను, పేరు మాత్రము పాతదే నిలిచెను. ఒకరు మఱియొకరికి ధారపోసిన వస్తువువలె తమ సీమను పిలుచుట ప్రజలకు చిన్నతనముగా తోచెను. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అను పేరును సూచించిరి. సభ్యులు సంతోషముతో అంగీకరించిరి. దాస్యమును గుర్తుచేయు పేరు పోయి, పూర్వ వైభవమును గుర్తుచేయు పేరు వచ్చినది. ఇది ఏ ప్రభువును ఇచ్చిన పేరు కాదు. ప్రజలు తమకు తాము పెట్టుకొన్నది.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆనాడే బళ్లారి జిల్లా రెండుగా చీలెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చెను. బళ్లారి పట్టణముతో కూడిన తక్కిన భాగము మైసూరు రాష్ట్రమున చేరెను. తెలుగును కన్నడమును కలసి మెలసి పలుకు ఆ సీమలో, ఇరుగుపొరుగు ఊళ్లు వేర్వేఱు రాష్ట్రములవయ్యెను. పటముమీద గీత గీయుట సులభము. కలిసియున్న జనమును భాషనుబట్టి విడదీయుట సులభము కాదు.

మార్పులు అంతటితో ఆగలేదు. 1970లో మార్కాపురము ప్రాంతము కర్నూలునుండి విడివడి, ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన కొత్త జిల్లాలో కలిసెను. 1985లో తాలూకాలకు మాఱుగా చిన్న మండలములు వచ్చెను. ఒకనాడు జిల్లాను తెలిపిన మాట అప్పటినుండి జిల్లాలోని చిన్న భాగమును తెలుపుచున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల, అన్నమయ్య, శ్రీసత్యసాయి, తిరుపతి జిల్లాలు కొత్తగా వెలసెను.

జిల్లా చిన్నదైనచో పేదవాడు కచేరికి నడువవలసిన దూరము తగ్గును. కావున ఇట్టి మార్పు ప్రజల మేలు కోరి చేసినప్పుడే సార్థకము. గీతలు ఎన్నిమాఱులు మాఱినను, జనులు తమంతట తాము పెట్టుకొన్న ‘రాయలసీమ’ అను పేరు మాత్రము చెక్కుచెదరలేదు.