ట్రాక్టరు ఎందుకు బోల్తా పడుతుంది?

ఊడ్పులు వచ్చాయంటే అవనిగడ్డ పక్క ఊళ్లలో ఆడవాళ్లు ట్రాక్టరు ట్రక్కు ఎక్కి చేలకు పోతారు. చాలా దారులు కాలవ గట్లే. వానకు గట్టు అంచు మెత్తబడుతుంది.

నెత్తిన నిండు బిందె పెట్టుకుని గిరుక్కున తిరిగితే ఏమవుతుంది? తూలిపోతాం. బండీ అంతే. ట్రక్కులో అందరూ నిలబడితే బరువు పైకి చేరుతుంది. మలుపులో వేగంగా తిప్పితే ఆ బరువు బయటివైపుకి తూలుతుంది. లోపలివైపు చక్రం లేస్తుంది. బండి పడిపోతుంది.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలవలో పడింది. 15 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే.

కొన్ని కొత్త కార్లలో ఒక యంత్రం ఉంటుంది. బండి అదుపు తప్పబోతే అదే కనిపెడుతుంది. ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. కొన్నిటిలో స్టీరింగునూ సర్దుతుంది. కూలీలు ఎక్కే ట్రాక్టరుకి అది ఎక్కడిది? డ్రైవరే చూసుకోవాలి.

ట్రక్కు సరుకు కోసం. మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం. అయినా ఎక్కక తప్పని రోజు కింద కూర్చోండి. అంచు మీద వద్దు. "మలుపులో నెమ్మదిగా పోనీ తమ్ముడూ" అని గట్టిగా చెప్పండి. రెండు తడవలుగా తీసుకెళ్లమని మేస్త్రిని అందరూ కలిసి అడగండి. డ్రైవరు తాగి ఉంటే ఎక్కకండి. ఆ రోజు కూలి పోతుంది, నిజమే.