స్క్రీన్ ఆగితే బండి ఆగినట్టు కాదు

ప్రశ్న: అన్నా, మాది గౌరిబిదనూరు తాలూకా హొసూరు. పోయిన నెల కరెంటు కారు తీసుకున్నాం. మొన్న మా నాయనకు బెంగళూరులో ఆసుపత్రిలో చూపించుకుని వస్తాంటే, దొడ్డబళ్లాపురం దాటినాక మధ్యలో ఉండే పెద్ద స్క్రీన్ హ్యాంగ్ అయిపోయింది. ఏసీ తగ్గదు, పాట ఆగదు. బ్రేకులు పడతాయో లేదో అని భయపడి రోడ్డు పక్కన అరగంట నిలబడిపోయినాం. అట్లాంటప్పుడు ఏం చేయాల?
– ఒక పాఠకుడు, హొసూరు

జవాబు: బండిని పక్కకు తీసి నిలిపారు, మంచి పని చేశారు. కానీ పెద్దాయనను కూర్చోబెట్టుకుని అరగంట భయపడాల్సిన అవసరం లేదు. తాళాలు ఇచ్చే రోజే షోరూం వాళ్లు ఈ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం వాళ్ల తప్పే.

ఫిజిక్సు పాఠాలు చెప్పిన హెచ్. నరసింహయ్యగారు పుట్టిన ఊరు మీది. కాబట్టి కారణంతో సహా చెబుతాను. ఆ స్క్రీన్ వెనక ఉండేది ఒక కంప్యూటరు. పాటలు, మ్యాపు, వెనక కెమెరా బొమ్మ, ఏసీ మీటలు దాని పని. మోటారును నడిపే కంట్రోలరు వేరు, ఏబీఎస్ వేరు, స్టీరింగుకు సాయం చేసే మోటారు వేరు. స్క్రీన్ మొద్దుబారినా ఇవి తమ పని చేసుకుంటూనే ఉంటాయి. మీ కాలి కింది బ్రేకు స్క్రీన్‌ను అడిగి పడేది కాదు.

ఇంకోసారి ఇలా అయితే నడుపుతూ స్క్రీన్‌ను పొడవకండి. అసలు ప్రమాదం అక్కడే ఉంది, చూపు రోడ్డు మీద నుంచి పోతుంది. ఎర్ర త్రికోణం మీట నొక్కి, పక్కకు తీసి, పార్కింగులో పెట్టండి. తర్వాత స్క్రీన్‌ను రీస్టార్ట్ చేయాలి. చాలా కార్లలో వాల్యూమ్ మీటనో, స్టీరింగ్ మీది ఒక మీటనో కొన్ని సెకండ్లు వదలకుండా నొక్కిపట్టాలి. టెస్లాలో అయితే స్టీరింగ్ మీది రెండు చక్రాలనూ కలిపి నొక్కుతారు. స్క్రీన్ నల్లబడి, కంపెనీ గుర్తు వచ్చి, మళ్లీ వెలుగుతుంది. మీ కారుకు ఏ మీటో దాంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఈ రాత్రే చూసుకోండి.

దానికీ లొంగకపోతే కారు ఆఫ్ చేసి, అందరూ దిగి, తలుపులు లాక్ చేసి, తాళం దూరంగా పెట్టుకుని పది నిమిషాలు ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోయి లేస్తాయి. అప్పటికీ రాకపోయినా, స్టీరింగ్ ముందరి మీటరులో వేగం కనిపిస్తూ ఎర్ర హెచ్చరికలు ఏవీ లేకపోతే, అద్దాలు చూసుకుంటూ నిదానంగా ఇంటికి రావచ్చు. మీటరు కూడా చీకటైతే మాత్రం కదలకండి, కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద ఉంటే 1033 ఉంది. బానెట్ కింద నారింజ రంగు తీగల జోలికి మీరు పోవద్దు, ఊరి మెకానిక్కునూ పోనివ్వద్దు. అందులో ఉండేది ప్రాణం తీసే వోల్టేజి.

ప్రశ్న: ఎండలో నిలిపినప్పుడు, ఫాస్ట్ చార్జింగ్ పెట్టినప్పుడు మా కారు స్క్రీన్ నత్తలాగా నడుస్తుంది. పాడైపోయిందంటారా?
– ఒక పాఠకురాలు, చింతామణి

జవాబు: వేడి కావచ్చమ్మా. 2022లో అమెరికాలో టెస్లా దాదాపు 1.3 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించింది. ఫాస్ట్ చార్జింగ్ సమయంలో లోపలి ప్రాసెసరు సరిగా చల్లబడక స్క్రీన్ మందగించడం, ఆరిపోవడం జరిగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు. అంతకు ముందు ఏడాది ఇంకో రీకాల్‌లో సంగతి వేరు. మెమరీ చిప్పు రాసీ రాసీ అరిగిపోయింది, దాన్ని మార్చాల్సి వచ్చింది. అందుకే మీ కారుకు అప్‌డేట్ మిగిలి ఉందేమో ముందు చూడండి. 12 వోల్టుల చిన్న బ్యాటరీని కూడా పరీక్ష చేయించండి. కరెంటు కారులోనూ స్క్రీన్‌కు, లైట్లకు ఆధారం అదే. అది నీరసపడితే స్క్రీన్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఆగిన ప్రతిసారీ తేదీ, టైము రాసిపెట్టి, ఫోన్‌లో వీడియో తీసుకోండి. వారంటీ ఉండగానే సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట అక్కడ నిలవదు.

ప్రశ్న: కొనబోతున్నాం. స్క్రీన్ పెద్దదుంటే మేలా?
– ఒక పాఠకుడు, బాగేపల్లి

జవాబు: నా మాట అడిగితే, మీటలు ఎక్కువుండే కారే మేలు. 2001లో మన బెంగళూరు నుంచి వచ్చిన రేవా కరెంటు కారుకు ఇంత స్క్రీనే లేదు, అయినా నడిచింది. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటరు, వైపరు, హారను వంటివాటికి విడిగా మీటలు ఉండాలని పట్టుపడుతోంది. బాగేపల్లి నుంచి రాత్రిపూట వానలో 44వ నంబరు రోడ్డు ఎక్కేవాళ్లకు వైపరు చేతికి తగలాలి, మెనూలో వెతుక్కోకూడదు. డబ్బు కట్టే ముందు సేల్స్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రీన్‌ను రీస్టార్ట్ చేసి చూపించమనండి. అది నల్లగా ఉన్నంతసేపూ వైపరు, లైట్లు, ముందు అద్దం మీది మంచు తీసే గాలి పనిచేస్తున్నాయో లేదో మీ చేత్తో మీరే వేసి చూడండి.